సంతకం ఒకరిది, అప్పగింత మరొకరిది: విశాఖలో దేహదానం

విశాఖపట్నంలో దేహదానానికి, అంటే మరణానంతరం శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వడానికి, అంగీకారపత్రం రాసివ్వడం పెద్ద పనేమీ కాదు. మహారాణిపేటలోని ఆంధ్ర వైద్య కళాశాల అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగంలో గాని, నగర శివార్లలో వెలసిన ప్రైవేటు వైద్య కళాశాలల్లో గాని, ఈ విషయమై ప్రచారం చేసే స్వచ్ఛంద సంస్థల దగ్గర గాని ఒక దరఖాస్తు తీసుకుని, ఫొటో అతికించి, ఆధార్ నకలు జతచేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి ఇస్తే సాధారణంగా సరిపోతుంది. ఆ సాక్షుల్లో ఒకరు భార్యో భర్తో, కొడుకో కూతురో అయితే మేలు. షష్టిపూర్తి నాడో, తల్లిదండ్రుల సంస్మరణ దినాన్నో, ఏదైనా సభలో ఒక ప్రసంగం విన్న ఉత్సాహంలోనో సంతకం చేసేవారు కనిపిస్తూనే ఉంటారు. అయితే ఆ పత్రం అమలు కావలసిన రోజున దాన్ని రాసిన మనిషి ఉండరు. కళాశాలకు ఫోను చేయవలసింది, వైద్యుడి చేత మరణ ధ్రువపత్రం రాయించవలసింది, బంధువులకు నచ్చజెప్పవలసింది, చివరికి భౌతికకాయాన్ని వాహనం ఎక్కించవలసింది ఇంట్లో మిగిలినవారే. దేహదానం గురించిన రాతలు చాలావరకు దాత ఔదార్యాన్ని పొగడటంతో ముగుస్తాయి గాని, ఆ దానం నెగ్గినా వీగిపోయినా మరణం తరువాతి కొద్ది గంటల్లో కుటుంబం ఎలా నడుచుకుంది అన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

నేత్రదానం, అవయవదానం, దేహదానం అనే మూడింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం పరిపాటి అయింది కనుక ముందుగా వాటిని విడదీసి చూడాలి. మూత్రపిండాలు, కాలేయం, గుండె వంటివి మరణానంతరం దానం చేయాలంటే సాధారణంగా మనిషి ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండగా మెదడు పూర్తిగా చనిపోవాలి, నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ఆ సంగతి ధ్రువీకరించాలి. దీనికి కేంద్రం 1994లో చట్టం చేయగా, ఆంధ్రప్రదేశ్ 1995లో తనదైన చట్టం చేసుకుంది. రాష్ట్రంలో ఈ వ్యవహారమంతా జీవన్‌దాన్ పథకం కింద నడుస్తుంది. ఇంట్లో మంచం మీద గుండె ఆగి పోయిన ఎనభై ఏళ్ల పెద్దాయన మూత్రపిండాలు ఎవరికీ అమర్చడానికి పనికిరావు. ఆయన కళ్లు మాత్రం ఆరు గంటల లోపు సేకరిస్తే పనికొస్తాయి, హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల అందుకు ఏర్పాట్లున్నాయి. దేహదానం ఈ రెండింటికీ భిన్నమైనది, దానివల్ల ప్రత్యక్షంగా ఏ ఒక్క రోగికీ ప్రాణం రాదు. వైద్యవిద్యార్థులు మనిషి నిర్మాణాన్ని నేర్చుకోవడానికి, శస్త్రవైద్యులు కొత్త పద్ధతులను సాధన చేయడానికి ఆ శరీరం ఉపయోగపడుతుంది. కళ్లు ఇచ్చిన తరువాత కూడా దేహాన్ని సాధారణంగా స్వీకరిస్తారు గాని, ఇతర అవయవాలు తీసిన దేహాన్ని తీసుకోవడానికి కళాశాలలు వెనుకాడతాయి. రక్తనాళాలు తెగిన శరీరంలో, చెడిపోకుండా ఎక్కించే నిల్వద్రవం అంతటా పారదు.

అవసరం ఎంతో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పది పదిహేను మంది విద్యార్థులకు ఒక దేహం ఉండాలన్నది మన వైద్యవిద్యలో చాలాకాలంగా అనుకుంటున్న కొలమానం. ఏటా 250 మంది ఎంబీబీఎస్‌లో చేరే ఆంధ్ర వైద్య కళాశాలకు ఆ లెక్కన ప్రతి సంవత్సరం 17 నుంచి 25 దేహాలు కావాలి. ఋషికొండ, మారికవలస, సంగివలసలలోని ప్రైవేటు కళాశాలల అవసరం దీనికి అదనం. విజయనగరంలో 2023లో, పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాల భవనం కట్టడానికి నిధులు చాలు, అధ్యాపకులను బదిలీ మీద తేవచ్చు, కాని విద్యార్థులు శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాలులో బల్ల మీదికి రావలసినదాన్ని ఏ టెండరూ తెచ్చిపెట్టలేదు.

కంప్యూటర్ తెరమీద మనిషి శరీరాన్ని పొరలు పొరలుగా విప్పి చూపే డిజిటల్ బల్లలు వచ్చాక దేహాలతో పనేమిటని అడిగేవారున్నారు. అవి మంచి సాధనాలే, చదివినదాన్ని నెమరువేసుకోవడానికి బాగా పనికొస్తాయి. కాని తెరమీద శరీరం ఎన్నిసార్లు విప్పినా ఒకేలా ఉంటుంది, మనుషులు అలా ఉండరు. ఒక్కో మూత్రపిండానికి ఒక్కో ధమని ఉంటుందని పుస్తకంలో చదివిన విద్యార్థి, సుమారు నాలుగోవంతు మందిలో అదనపు ధమని ఉంటుందన్న సంగతిని పక్క బల్ల మీది దేహాన్నీ తన బల్ల మీది దేహాన్నీ పోల్చి చూసుకున్నప్పుడే మనసుకు పట్టించుకుంటాడు. రేపు శస్త్రచికిత్సలో ఆ అదనపు ధమనిని చూసుకోకుండా కోస్తే రోగి నెత్తురు పోతుంది. కండరానికీ కొవ్వుకూ మధ్య వేలు దూర్చి పొరను విడదీయడం, సన్నని నరాన్ని తెగకుండా పైకి తీయడం చేతికి రావలసిన విద్యలు.

ఈ దేహాలు ఇంతకాలం ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు అంత గౌరవప్రదమైనది కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో, శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, తరువాత కుంచెతో ఒక్కొక్క పొరనూ మెల్లగా తొలగిస్తూ పరిశీలించాలని చెప్పినా, ఆ సంప్రదాయం మధ్యలో తెగిపోయింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో పండిత మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదన చేయడంతో ఆధునిక వైద్యవిద్యలో అది మళ్లీ మొదలైంది. అంతకు ముందే ఇంగ్లండులో 1752 నాటి చట్టం ఉరితీసిన హంతకుల శరీరాలను వైద్యులకు అప్పగించింది. అవి చాలక శ్మశానాల్లో దొంగతనాలు జరిగాయి. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు శవాలు అమ్ముకోవడానికి పదహారు మందిని చంపారు. ఆ గగ్గోలు తరువాత 1832లో వచ్చిన అనాటమీ చట్టం ఎవరూ వచ్చి అడగని శవాలను కళాశాలలకు ఇవ్వవచ్చని చెప్పింది. బొంబాయి 1949లో, విశాఖ అప్పటికి భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1951లో చేసిన అనాటమీ చట్టాలు ఆ దారిలోనివే. అంటే తరతరాల వైద్యులు పాఠం నేర్చుకున్నది అనాథాశ్రమాల్లో, ధర్మాసుపత్రుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పోయిన పేదల శరీరాల మీద. బతికుండగా అడిగే దిక్కు లేనివారిని చచ్చాక కూడా ఎవరూ అనుమతి అడగలేదు. దేహదానం వల్ల నైతికంగా వచ్చే పెద్ద మార్పు ఇదేనని చెప్పాలి, అక్కడ తీసుకోవడం పోయి ఇవ్వడం వస్తుంది. పైగా దిక్కులేని శవాల్లో చాలావాటికి పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు కనుక కళాశాల దాకా వచ్చేసరికి అవి ఎంబామింగ్‌కు, అంటే ద్రవం ఎక్కించి చెడిపోకుండా నిల్వచేయడానికి, పనికిరాని స్థితిలో ఉంటాయి.

తెలుగు నేలకు ఈ విషయంలో చెప్పుకోదగిన పాత ఉదాహరణ ఒకటుంది. బ్రిటన్‌లో పుట్టి, 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడైన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ఆయన ముందే రాసిపెట్టాడు. అప్పటికి ఆ కళాశాల పెట్టి ఆరేళ్లే అయింది. ప్రపంచమంతా పేరున్న మనిషి తన చివరి చిరునామాగా కోస్తాలోని ఒక కొత్త కళాశాలను ఎంచుకున్నాడన్న సంగతి మన దగ్గర ఎక్కువమందికి తెలియకపోవడం ఆశ్చర్యమే. తరువాతి కాలంలో 2010లో జ్యోతిబసు, 2024లో బుద్ధదేవ్ భట్టాచార్య, సీతారాం ఏచూరి దేహాలు వైద్యసంస్థలకు వెళ్లాయి. ఈ పేర్ల వల్ల దేహదానం కమ్యూనిస్టుల, నాస్తికుల వ్యవహారమన్న అభిప్రాయం పాతుకుపోయింది. అది పూర్తిగా నిజం కాదు. ఆరెస్సెస్ నేపథ్యం నుంచి వచ్చిన నానాజీ దేశ్‌ముఖ్ దేహం కూడా 2010లో ఢిల్లీలోని ఎయిమ్స్‌కే చేరింది, దాని వెనక ఉన్న సంస్థ దధీచి పేరు పెట్టుకున్నది. ఇంద్రుడి వజ్రాయుధం కోసం వెన్నెముక ఇచ్చిన మహర్షి కథ తెలిసిన సమాజానికి ఈ ఆలోచన పరాయిది కావలసిన పని లేదు.

ఇక చట్టం సంగతి. తన శరీరాన్ని ఏం చేయాలో బతికుండగా రాసిపెట్టే స్వేచ్ఛ మనిషికి ఉంది. కాని ఇల్లు, పొలం, బంగారంలాగా శవం ఆస్తి కాదు, దానికి వారసత్వం ఉండదు, వీలునామాలో రాసినంత మాత్రాన కళాశాల వచ్చి తీసుకుపోలేదు. ఆచరణలో దగ్గరి బంధువులు అప్పగిస్తేనే ఏ అనాటమీ విభాగమైనా స్వీకరిస్తుంది. దాత ఎంత స్పష్టంగా రాసినా ఒక కొడుకు గుమ్మంలో నిలబడి వద్దంటే, చాలా కళాశాలలు గొడవెందుకని వెనక్కి తగ్గుతాయి. తప్పుపట్టడానికి లేదు, కన్నీళ్లు పెట్టుకుంటున్న ఇంటిముందు కాగితం చూపించి వాదించే అధికారి మీద రేపు పత్రికల్లో వచ్చే వార్త ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో కేరళలో 2024లో చూశాం. సీపీఎం సీనియర్ నాయకుడు ఎం.ఎం. లారెన్స్ ఆ సంవత్సరం సెప్టెంబరులో మరణించినప్పుడు ఆయన కోరిక మేరకు దేహాన్ని ఎర్నాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇవ్వాలని కుటుంబంలో కొందరు నిశ్చయించారు. తండ్రి ఆ మాట ఎన్నడూ అనలేదని, క్రైస్తవ పద్ధతిలో ఖననం చేయాలని ఒక కుమార్తె అడ్డుతగిలారు. ఆయన రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు, సాక్షుల ఎదుట నోటిమాటగా చెప్పాడన్నదే ఆధారం. వ్యవహారం హైకోర్టుకు, అక్కడ ఒక న్యాయమూర్తి దగ్గరి నుంచి ధర్మాసనానికి, చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జనవరిలో దేహదానానికి అనుకూలంగానే అది తేలింది గాని, అప్పటిదాకా నెలల తరబడి దేహం కళాశాల శీతలగదిలో తీర్పు కోసం ఎదురుచూసింది. నోటిమాటను కూడా చట్టం గుర్తిస్తుందన్నది ఆ కేసులో తేలిన అంశం. ఇంట్లో అందరికీ ఒకేసారి, ఒకే మాట చెప్పని మనిషి కోరిక వెనక ఎంత తగువు దాగి ఉంటుందన్నది కూడా దాని నుంచి గ్రహించవలసినదే.

విశాఖలో ఈ తగువు సాధారణంగా ఇంత పెద్దది కాదు, ఇంకొక రూపంలో వస్తుంది. ఇక్కడి మధ్యతరగతి ఇళ్లలో పిల్లల్లో ఒకరైనా అమెరికాలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉండటం మామూలు. అంగీకారపత్రం మీద సంతకం చేసిన భార్యకు అభ్యంతరం ఉండదు, దగ్గరున్న కూతురికీ ఉండదు. రెండు రోజుల విమాన ప్రయాణంలో ఉన్న కొడుకు 'నేను వచ్చేదాకా ఆగండి' అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది, కాని సముద్రపు గాలితో ఏడాది పొడుగునా చెమ్మగా ఉండే ఈ ఊళ్లో శరీరం అతడి కోసం ఆగదు. గుండె ఆగిన మరుక్షణం నుంచి పేగుల్లోని బాక్టీరియా పని మొదలుపెడుతుంది, వేడీ తేమా కలిస్తే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఎంబామింగ్ ఎంత త్వరగా జరిగితే దేహం అంత బాగా నిలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల లోపు కళాశాలకు చేరడం మేలు. అద్దెకు తెచ్చే ఫ్రీజర్ పెట్టె కొంత గడువు ఇస్తుంది గాని, అది చల్లగా ఉంచుతుందే తప్ప నిల్వచేయదు, పైగా దాన్ని తెచ్చేలోపే మే నెలలో మూడు నాలుగు గంటలు గడిచిపోతాయి. దూరాన ఉన్న పిల్లలకు వీడియోలో చివరిచూపు చూపించి పంపడానికి ఒప్పుకుంటారా లేదా అన్న సంగతి అందరూ బాగున్నప్పుడు, పండగకు ఇంటికి వచ్చినప్పుడు తేల్చుకోవలసినది.

ఆ కొద్ది గంటల్లో కావలసిన కాగితాల్లో మొదటిది మరణకారణం రాసిన వైద్యుడి ధ్రువపత్రం. ఆసుపత్రిలో పోయినవారికి ఇది ఆసుపత్రే ఇస్తుంది. ఇంట్లో పోయినవారికి, చివరి జబ్బులో చూసిన వైద్యుడు వచ్చి రాసివ్వాలి. చిక్కంతా ఇక్కడే. వృద్ధుడిని రెండేళ్లుగా ఏ వైద్యుడూ చూడకపోతే, తెల్లవారుజామున పిలిచిన కొత్త వైద్యుడు సంతకం పెట్టడానికి జంకుతాడు. సహజమరణమని ఎవరూ రాసివ్వని దేహాన్ని ఏ కళాశాలా ముట్టుకోదు. ప్రమాదం, ఆత్మహత్య, విషం, అనుమానాస్పద మరణం అయితే భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పోలీసు విచారణ, సాధారణంగా పోస్టుమార్టం ఉంటాయి, దానితో దేహదానం అవకాశం పోతుంది. కాబట్టి దేహదానం చేయదలచిన పెద్దలకు ఒక కుటుంబ వైద్యుడు ఉండటం, ఏడాదికి రెండుమూడుసార్లైనా ఆయనకు కనిపించడం అంగీకారపత్రం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మరణ నమోదు 21 రోజుల లోపు చేయించాలి. శ్మశానం రసీదు ఉండదు కనుక కళాశాల ఇచ్చే స్వీకరణ పత్రాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి, పింఛను, బీమా, బ్యాంకు పనులన్నీ తరువాత మరణ నమోదు పత్రం వెంటే నడుస్తాయి.

అన్నీ సరిగా ఉన్నా కళాశాల వద్దనవచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, క్షయ, రక్తమంతా విషమించిన ఇన్‌ఫెక్షన్ ఉన్నవారి దేహాలు, కుళ్లడం మొదలైనవి, ఒళ్లంతా కాలినవి, పెద్ద పుండ్లు పడినవి, బాగా స్థూలకాయమైనవి తీసుకోకపోవచ్చు. నిల్వచేసే తొట్లు ఆ నెలలో నిండిపోయి ఉండవచ్చు. ఇంత త్యాగం చేస్తే కాదంటారా అని కుటుంబాలు నొచ్చుకోవడం సహజమే, అయితే ఆ దేహం మీద నెలల తరబడి చేతులు పెట్టవలసింది పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఈ నియమాలు దాతను తక్కువ చేయడానికి పెట్టినవి కావు.

స్వీకరించిన తరువాత తొడ మూలంలోని ధమని ద్వారానో మెడలోని ధమని ద్వారానో నిల్వద్రవాన్ని ఎక్కిస్తారు. అందులో ఫార్మలిన్‌తో పాటు గ్లిజరిన్, స్పిరిట్, ఫినాల్ వంటివి ఉంటాయి, ఒక్కో దేహానికి పది లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. తరువాత తొట్టిలో కొన్ని నెలలు ఉంచుతారు. ఫార్మలిన్ మాంసకృత్తులను బిగించేస్తుంది, అందుకే దేహం గట్టిపడి, రంగు మారుతుంది. శస్త్రవైద్యుల సాధనకు కీళ్లు వంగే మెత్తటి దేహం కావాలి, ఆస్ట్రియాలో వాల్టర్ థీల్ 1992లో ప్రకటించిన పద్ధతి అందుకు పేరుపడింది గాని ఖర్చు ఎక్కువ. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో దేహాన్ని తొలి గురువుగా భావించాలన్న పాఠాన్ని చేర్చారు. చాలా కళాశాలల్లో మొదటి రోజున విద్యార్థులు దేహం ఎదుట ప్రతిజ్ఞ చేస్తారు. దాత పేరు వాళ్లకు సాధారణంగా చెప్పరు.

మామూలు కుటుంబాలను ఆపేది వీటికన్నా కర్మకాండ గురించిన భయం. నిప్పు పెట్టకపోతే గతి ఉంటుందా, అస్థికలు లేకుండా పెద్దకర్మ ఎలా చేస్తారు అన్న ప్రశ్నలను మూఢనమ్మకమని కొట్టిపారేయడం ప్రచారకులు చేసే పెద్ద పొరపాటు. అలా అన్న మరుక్షణం ఇంట్లోని పెద్దావిడ ఇంక మాట వినదు. దేహం దొరకని మరణాలకు మన సంప్రదాయంలో ఎప్పటినుంచో ఒక దారి ఉంది, దర్భలతో మనిషి ఆకారం చేసి దానికి దహనం జరిపి, మిగతా కర్మలు యథావిధిగా నడుపుతారు. సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని మనుషులున్న ఈ తీరానికి, శరీరం లేకుండా చావును సాగనంపవలసి రావడం కొత్త కాదు. దేహదానం చేసిన ఇళ్లలో చాలామంది పదో రోజు, పన్నెండో రోజు కర్మలు మామూలుగానే జరుపుకుంటున్నారు. స్నానం చేయించి, పూలదండ వేసి, మంత్రమో ప్రార్థనో చదివి పంపడానికి ఏ కళాశాలా అడ్డు చెప్పదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో ఖననం విషయం ఇంకా గట్టిది కనుక మతపెద్దలతో ముందే మాట్లాడటం మంచిది.

కుటుంబాలు అడగడానికి మొహమాటపడేది, కళాశాలలు చెప్పడానికి అంతగా ముందుకురానిది ఒక ప్రశ్న మిగిలింది. పాఠాలు అయ్యాక ఏం చేస్తారు? ఎముకలను శుభ్రం చేసి బోధనకు ఉంచుకోవడం, మిగతా భాగాలను దహనం చేయడమో పూడ్చడమో సాధారణ పద్ధతి. ఎముకల విషయంలో మన దేశానికి మంచి చరిత్ర లేదు. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు ఎక్కువగా ఎగుమతి అయినది ఇక్కడి నుంచే, అవి ఎవరివో, ఎలా సేకరించారో అడిగినవారు తక్కువ. కొన్ని దేశాల్లో ఏడాది చివర విద్యార్థులూ దాతల కుటుంబాలూ కలిసి సంస్మరణ సభ జరుపుకుంటారు, చితాభస్మాన్ని తిరిగి ఇస్తారు. ఇక్కడ అటువంటి ఏర్పాటు కావాలనుకునే కుటుంబం సంతకం చేసేనాడే అడిగి, వీలైతే రాతలో తీసుకోవాలి. దేహం అప్పగించాక వెనక్కి అడిగే హక్కు ఉండదు.

అంగీకారపత్రంతో పాటు ఇంట్లో ఇంకొక కాగితం రాసి, అందరికీ కనిపించే చోట పెట్టడం మంచిది. అందులో అనాటమీ విభాగం పగటి నంబరు, రాత్రి, సెలవు రోజుల్లో ఎవరికి చేయాలో ఆ నంబరు, ఫ్రీజర్ పెట్టె అద్దెకిచ్చేవారి నంబరు, కుటుంబ వైద్యుడి నంబరు, కళ్లు కూడా ఇస్తున్నారా లేదా అన్న మాట, దూరాన ఉన్న పిల్లలు ఒప్పుకున్నట్టు వారి సంతకాలు ఉండాలి. దాని అడుగున, కళాశాల ఏ కారణం వల్లనైనా తీసుకోనంటే జ్ఞానాపురం శ్మశానంలో పూడ్చాలా, దహనం చేయాలా, ఎవరు చేయాలి అన్నది కూడా దాత తన చేత్తో రాయాలి.